ఓడిపోవాల్సిన పందెం

ఆఫీసులో నన్ను పంచాంగం అనేవారు. ఏ దేశంలోనో ఆడపిల్లలు టెన్నిస్ ఆడుతుంటే, మాదాపూర్ బండరాళ్ళ మధ్య టీ బండి దగ్గర నిలబడి ఎవరు గెలుస్తారో నేను చెప్పాలి. ఎవరి సర్వీసు పదునుగా ఉంది, ఎవరి మోకాలికి పట్టీ ఉంది, అన్నీ పొద్దున్నే పేపర్లో చదివి వచ్చేవాణ్ణి. నిజం చెప్పొద్దూ, ఆ కాసేపు తప్ప రోజంతా నాతో ఎవరికీ పనుండేది కాదు. హైటెక్ సిటీ అన్న పేరే కొత్తగా ఉన్న రోజులు. కాకినాడ నుంచి వచ్చి ఏడాది దాటినా, హఫీజ్‌పేట్‌లో నా అద్దె గదిలోకి ఇంటివాళ్ళు తప్ప మరో మనిషి అడుగుపెట్టలేదు.

పందెం ఎప్పుడూ సమోసా, టీ. ఆ ఏడాది జులై ఫైనల్‌కి మాత్రం మా టీములో ముగ్గురు దాన్ని పెంచారు: ఓడినవాళ్ళు ఆదివారం మధ్యాహ్నం తమ ఇంట్లో భోజనం పెట్టాలి. ఆ మాట వినగానే ఓడిపోవాలని నిశ్చయించుకున్నాను. పందెం లేకుండా భోజనానికి పిలవడం నాకు చేతకాదు. రానంటారేమోనని భయం. ఓడితే వాళ్ళే హక్కుగా వస్తారు.

జోస్యం మాత్రం నిజాయితీగానే చెప్పాను. గెలుపు పొడుగాటి అమ్మాయిదే. రెండో అమ్మాయికి భుజం నొప్పి, సర్వీసులో బలం లేదు. ముగ్గురూ పొడుగాటి అమ్మాయి మీద కాశారు. నేను రెండో అమ్మాయి మీద కాశాను.

"పంచాంగం చెప్పే అయ్యగారే దుర్ముహూర్తంలో బయల్దేరుతున్నారండోయ్!" అన్నాడు ముగ్గురిలో పెద్దాయన. అందరితో పాటు నేనూ నవ్వాను.

శనివారం ఇంటావిడ దగ్గర పెద్ద గిన్నెలు అడిగాను.

"గిన్ని గిన్నెలేంది సార్? మంది వస్తున్నరా?"

"ముగ్గురు స్నేహితులండి. రేపు భోజనానికి."

ఆ మాట చెప్పడమే ఎంత బాగుందో! గోంగూర పచ్చడి నూరాను. గారెలకి మినప్పప్పు నానబోసి, మ్యాచ్ చూడ్డానికి ఇంటివాళ్ళ హాల్లోకి వెళ్ళాను.

మొదటి సెట్ నేను చెప్పినట్టే నడిచింది. ఆ తర్వాత పొడుగాటి అమ్మాయికి చెయ్యి బిగుసుకుపోయింది. వరసగా డబుల్ ఫాల్టులు. భుజం నొప్పి అమ్మాయి ఎక్కడ పడిన బంతినైనా పరిగెత్తి తిప్పి కొడుతోంది. నేను కాసింది ఎవరి మీదో అడిగి తెలుసుకున్న ఇంటావిడ, ప్రతి పాయింటుకీ చప్పట్లు కొడుతోంది. నేను మనసులో ఏడుకొండలవాడికి మొక్కుతున్నాను, బంతి నెట్‌కి తగలాలని. ఆయన విన్నట్టు లేదు. చివరి బంతి గీత మీదే పడింది.

"మీ పిల్ల గెలిచింది కద సార్! గట్ల కూసున్నరేంది?"

"సంతోషమేనండి," అన్నాను.

నానిన పప్పు ఎవరి కోసమూ ఆగదు. ఆదివారం రుబ్బి గారెలు వేశాను. ఓడినవాళ్ళు పిలవాలి కదా అని ఎక్కడో చిన్న ఆశ. ఇంటివాళ్ళ ఫోను రెండుసార్లు మోగింది. రెండూ వాళ్ళకే.

మధ్యాహ్నం దాటాక గిన్నెలు తిరిగిచ్చాను. అరువు తెచ్చిన గిన్నె ఖాళీగా ఇవ్వకూడదంటారు.

"ఖాళీగ ఇయ్యద్దని జరంత పెడ్తరు గని, మొత్తం నింపి ఇస్తరా సార్? మీ దోస్తులు రాలేదా?"

"లేదండి. పందెం నేను గెలిచాను."

ఆవిడకేమీ అర్థం కాలేదు. "మరి మీరు తిన్నరా?" అంది.

తిన్నానని చెప్పి గదిలోకి వచ్చేశాను. గోడవతల కంచాల చప్పుడు, చివరి గారె కోసం పిల్లల పోట్లాట. ఏడుపొచ్చింది.

సోమవారం టీ బండి దగ్గర ముగ్గురూ నన్ను తెగ పొగిడారు. వాళ్ళావిడ పుట్టింటికెళ్ళిందని, భోజనం ఇంకో ఆదివారం పెడతానని అన్నాడు పెద్దాయన. తర్వాత గ్లాసులోకి చూస్తూ నెమ్మదిగా అన్నాడు: "నిజానికి మీరు ఓడిపోతే బాగుండుననుకున్నామండి. ఈ వంకనైనా మీ ఇంటికి రావచ్చని. మీరెప్పుడూ పిలవరు కదా."

పచ్చడి ఇంకా సగం జాడీ ఉంది. ఈ సాయంత్రమే రండి అంటే సరిపోయేది.

"ఈసారి తప్పకుండా ఓడిపోతానండి," అన్నాను.