చాటతో గాలి విసిరిన సారు

బోధన్ బస్టాండు ఎదుట మిఠాయి దుకాణంలో తక్కెట్లో లడ్డూలు జోకిస్తుంటే ఫోను వచ్చింది. తెరచాప పడవల పోటీలో నా బిడ్డ రాష్ట్రంలో రెండో స్థానం తెచ్చుకుని అప్పటికి మూడు రోజులు. ఎడపల్లిలో మా వాడంతా పంచి, ఒక పెద్ద డబ్బా పట్టుకుని నందిపేట్ పోవాలని, పడవ నేర్పిన సారు చేతిలో పెట్టాలని అనుకున్నాను. ఫోనులో క్లబ్బు వాచ్‌మన్.

“పటేలా, సారు పోయిండు. పొద్దుగాల మొఖం కడుక్కొని అరుగు మీద కూసున్నడట. కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండు.”

దుకాణమాయన “ఎన్ని డబ్బాలు కట్టమంటవ్?” అని అడుగుతూనే ఉన్నాడు.

నేను ఏడో తరగతి దాకా చదివినవాణ్ని. చెరుకు, వరి తప్ప వేరే పని ఎరగను. రాతలో తప్పులుంటే మన్నించండి. ఈ మనిషి గురించి చెప్పాల్సిన చోట ఒకసారి చెప్పకుండా ఊరుకున్నాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

నందిపేట్ అవతల గోదావరి నీళ్లు వెనక్కి తన్ని నిలిచే చోట మా సెయిలింగ్ క్లబ్బు. ఒక రేకుల షెడ్డు, నాలుగు పడవలు, చుట్టూ ముళ్లకంచె. మా చెల్లెలి ఊరికి బస్సులో పోతూ నా బిడ్డ ఆ తెల్లటి తెరచాపలు చూసింది. ఇక ఇంట్లో అదే మాట. “బాపు, నేను గది నేర్చుకుంట.” పెళ్లయిన పద్దెనిమిదేళ్లకు పుట్టిన బిడ్డ. ఆమెను కాదనడం నాకు చేతకాదు.

సారు నేవీలో పనిచేసి, రిటైరై సొంతూరు చేరినాయన. మమ్మల్ని చూడగానే అడిగిన మొదటి మాట, “అన్నా, బిడ్డకు ఈత వస్తదా?”

వస్తుందన్నాను.

“మరి నీకు?”

రాదన్నాను.

“అట్లయితే ఒడ్డుకు జర దూరం నిలబడు. బిడ్డ మునిగితే నేను తీస్త. నిన్ను తియ్యాల్నంటె నా నడుము పోతది.”

ఆయన నవ్వలేదు. పిల్లలు మాత్రం పగలబడి నవ్వారు.

సాసరులో టీ పోసుకుని, ఆవిరి ఎటు పోతుందో చూసి అప్పుడు తాగేవాడు. నీళ్ల మీది నుంచి పిల్లలు తిరిగొస్తే ఒక్కొక్కరి తల ముట్టి లెక్కపెట్టుకునేదాకా ఆ సాసరు జోలికే పోయేవాడు కాదు. “మంచిగ చేసినవ్” అని ఒక్క పిల్లనూ మెచ్చుకోగా నేను వినలేదు. బాగా నడిపితే “ఇంకోసారి పో” అనేవాడు. ఆ మాట కోసం పిల్లలు ప్రాణం పెట్టేవాళ్లు. గాలి సంగతి వస్తే మాత్రం రోజూ ఒక్కటే చెప్పేవాడు. “కండ్లు మోసం జేస్తయి, చెంప జెయ్యది. గాలి ఏ చెంపకు తాకింది? గది చెప్పు ముందుగాల.”

ఎండాకాలం వచ్చిందంటే మా నీళ్లు కిలోమీటరు దూరం జరిగిపోతాయి. పడవలు ఎండిన బురదలో బోర్లా పడి ఉంటాయి, వాటి నీడన గొర్లు పండుకుంటాయి. మూడు నెలలు పిల్లలకు పని ఉండదు. పోయిన ఎండాకాలం ఎవరో పెద్దమనిషి క్లబ్బుకు వీఆర్ కళ్లజోడు ఇప్పించాడు. పిల్లలు దాన్ని కండ్ల డబ్బా అన్నారు. కుర్చీలో కూర్చుని అది కట్టుకుంటే చుట్టూ సముద్రమే. చేతుల్లో రెండు పిడులు, ఒకటి చుక్కాని, ఒకటి తెరచాప తాడు. లోపల పిల్లలకు కనిపించేదంతా గోడ మీది టీవీలో మనకూ కనిపిస్తుంది.

నేనూ ఒకసారి కట్టుకున్నాను. కుర్చీ రెండు చేతులా పట్టుకుని, “అరె, నన్ను ఒడ్డుకు తీస్కపోండ్రి!” అని అరిచానట. సారు నా భుజం మీద చెయ్యి వేసి, “అన్నా, షెడ్డులనే ఉన్నవ్. ఊడిన చెప్పు తొడుక్కో” అన్నాడు.

తర్వాత ఆయన కట్టుకున్నాడు. చాలాసేపు తల అటూ ఇటూ తిప్పాడు. విప్పి బల్ల మీద పెట్టి, “నీళ్లు మంచిగనే పోసిండ్రు. గాలి పెట్టుడు మరిచిండ్రు” అన్నాడు.

తెల్లారి ఇంటి నుంచి బియ్యం చెరిగే చాట పట్టుకొచ్చాడు. నా బిడ్డ డబ్బా కట్టుకుని పిడులు పట్టగానే, ఆయన టీవీలో జెండా ఎటు ఎగురుతుందో చూస్తూ గాలి వచ్చే పక్కన నిలబడి ఆమె చెంపకు చాటతో విసరడం మొదలుపెట్టాడు. టీవీలో గాలి మారితే ఆయన కుర్చీ చుట్టూ పరుగు. గాలి ముదిరితే గట్టిగా, తగ్గితే మెల్లగా. అరవై దాటిన మనిషి, రేకుల కింద ఆ ఎండలో, అంగీ తడిసి ఒంటికి అంటుకునేదాకా విసిరేవాడు. ఒక పిల్ల అయితే ఇంకో పిల్ల. నా బిడ్డ డబ్బా విప్పి, “సారు, నిజం పడవల ఉన్నట్టే ఉన్నది” అంటే, “ఇంకోసారి పో” అని చాట మళ్లీ ఎత్తేవాడు.

ఒకరోజు క్లబ్బు కమిటీవాళ్లు చుట్టాలను తీసుకొచ్చి యంత్రం చూపించారు. వాళ్లలో ఒకాయన చాటను చూసి, “గిదేంది, పెండ్లి బువ్వ చల్లార్చినట్టు?” అన్నాడు. అందరూ నవ్వారు. అధ్యక్షుడికి తల కొట్టేసినట్టయింది. ఆ వారమే పిల్లల తల్లిదండ్రులను కూడా పిలిచి మీటింగు పెట్టాడు.

“మిషన్ వచ్చినంక మనిషెందుకు? సారుకు రెస్టు ఇద్దాం. ఒప్పుకున్నోళ్లు చేతులు లేపండ్రి.” నా వైపు తిరిగి, “పటేలా, మిషన్ మీద నీ బిడ్డకే మొదటి టైము రాసినం” అన్నాడు.

నేను చెయ్యి లేపాను.

ఎందుకు లేపావని ఇప్పుడు అడిగితే, బిడ్డ కోసం అంటాను. అది సగమే నిజం. పెద్దమనుషులు నన్ను పేరుపెట్టి పిలిచి అడిగారన్న సంబరం ఇంకో సగం. సారు మూల నిలబడి లేచిన చేతులన్నీ చూశాడు. చాట చంకన పెట్టుకుని నా పక్కనుంచి పోతూ, “మంచిదే అన్నా. బిడ్డకు టైము దొరుకుతది” అన్నాడు. తిట్టినా బాగుండేది.

యంత్రంలో నా బిడ్డకే ఎక్కువ మార్కులు. వానలు పడి నీళ్లు వచ్చాక నిజం పడవ ఎక్కితే ఒక్క పొద్దులో మూడుసార్లు బోల్తాపడింది. ఇంటికి వచ్చి మా చాట నా చేతిలో పెట్టి కళ్లు మూసుకుంది. “నువ్వు విసురు బాపు.” వడ్లు తూర్పారబట్టిన చేతులే నావి. అయినా రెండు నిమిషాలకే ఆమె కళ్లు తెరిచింది. “నీ గాలి ఎటువడితె అటొస్తున్నది. సారును పంపొద్దని ఎందుకనలే నువ్వు?” చెయ్యి లేపిన సంగతి ఆమెకు అప్పటికే తెలుసు.

మర్నాడు ఒక్కతే బస్సెక్కి సారు ఇంటికి పోయింది. ఆయన వచ్చాడు. గేటు లోపలికి మాత్రం రాలేదు. కంచె బయట ఒడ్డు మీద రాయి మీద కూర్చుని, తువాల ఎత్తి సైగ చేసి నేర్పాడు. ఎండలో, చలిలో, పోటీల ముందు రోజు దాకా. లోపల కుర్చీలు ఖాళీగా ఉండేవి. రమ్మని ఎవరూ పిలవలేదు. ఆ ఎవరిలో నేనూ ఉన్నాను.

బిడ్డ గెలిచి వచ్చిన రోజు క్లబ్బులో ఫొటో తీశారు. నడుమ నా బిడ్డ, ఒక పక్క కండ్ల డబ్బా పట్టుకుని అధ్యక్షుడు, ఇంకో పక్క నేను. విలేకరి అడిగితే, “అంతా క్లబ్బు పెద్దల దయ” అన్నాను. సంతోషంలో నాకు ఒళ్లు తెలియలేదు. అట్లాగే అచ్చయింది. పేపర్లు ఇరవై కొని చుట్టాలందరికీ పంచాను. సారు ముందుకు మాత్రం లడ్డూల డబ్బాతోనే పోవాలని ఆగాను. తీపి చేతిలో ఉంటే తప్పు ఒప్పుకోవడం సులువని.

కర్మకాండ అయ్యాక బిడ్డతో సారు ఇంటికి పోయాను. గోడకు మేకు, మేకుకు ఆ చాట. దాని మీద పేపరు ముక్క గుచ్చి ఉంది. సారు భార్యను మా ఊరి వరసన అక్కా అంటాను. “అక్కా, సారు పేపరు చదివిండా?” అని అడిగాను.

“సదివిండు. మొత్తం సదివిండు. కత్తెర తెమ్మని, నీ బిడ్డను ఒక్కదాన్నే కత్తిరిచ్చుకున్నడు.”

దగ్గరికి పోయి చూశాను. నా బిడ్డ చుట్టూ జాగ్రత్తగా కత్తెర నడిచింది. ఆమె భుజం మీద నా వేళ్లు రెండు మాత్రం మిగిలాయి.

“గా సాట అడుగుతరేమో,” అంది అక్క. “నేనియ్య. నాకు బియ్యం చెరుగుడున్నది.”

అప్పుడు నా బిడ్డ నోరు విప్పింది. పోటీ అయిపోగానే, నాకంటే ముందు, సారుకే ఫోను చేసిందట.

“ఏమన్నడు బిడ్డా?”

“గాలి ఏ చెంపకు తాకింది అన్నడు. ముందుగాల కుడి చెంపకు, ఆఖర్ల ఎడమకు తిరిగిందని చెప్పిన. ఎట్ల తెలిసిందన్నడు. కండ్లు మూసుకున్న, సారు అని చెప్పిన.”

“మరి?”

“ఇంకోసారి పో అన్నడు.”

గోదావరి మీది నుంచి తలుపులోకి గాలి వచ్చింది. మేకుకున్న చాట గోడకు టకటకా తగిలింది. నా బిడ్డ అటు చూడకుండానే కళ్లు మూసుకుని, ముఖం మెల్లగా పక్కకు తిప్పి, ఎడమ చెంప ఆ గాలికి అప్పగించింది.