పచ్చబోర్డు కింది గాలి

వానదేవుడంటే పురాణాల్లో ఉండే ఆయన కాదు. నగర కార్యాలయంలో నీళ్ల ట్యాంకర్ డ్రైవరు. మోకాళ్లదాకా రబ్బరు బూట్లు, భుజాన తడి తువ్వాలు. పురాణాల ఆయన లోకమంతటా కురుస్తాడు. ఈయన ఒక్క పెట్టె చుట్టూ కురిసేవాడు.

ఆ పెట్టె గాలిలో దుమ్మును కొలిచే యంత్రం. కార్యాలయం గేటు పక్కన నిలబెట్టారు. గాలి బాగుంటే దాని మీది బోర్డు పచ్చగా, పాడైతే ఎర్రగా వెలుగుతుంది. ఎర్రబడిన రోజు పైవాళ్లు ఫోన్ చేసి సూపర్‌వైజర్‌కి తలంటుతారు. పాపం, ఆయన తిట్లు తిని తిని ఒక ఉపాయం కనిపెట్టాడు. పొద్దునా సాయంత్రమూ పెట్టె చుట్టూ తడిపించడం. నేల, చెట్లు, ప్రహరీగోడ, గోడ మీది పిల్లితో సహా తడిసి ముద్దయ్యేవి. బోర్డు పచ్చగా మెరిసేది. జ్వరం చూసే గొట్టాన్ని చన్నీళ్లలో ముంచి "తగ్గిపోయింది, పో" అనే వైద్యుణ్ని ఒకప్పుడు ఓ రేవుపట్నంలో చూశాను. ఆయన చేతిలో పోయినవాళ్లంతా జ్వరం లేకుండానే పోయారు.

సరే, మన కథకి వద్దాం. వింత ఏమిటంటే, ఆ బోర్డును సూపర్‌వైజర్ ఏనాడూ నమ్మలేదు. నమ్మింది తడిపిన వానదేవుడే. సొంత చేతిపని మీద మనిషికుండే మమకారం అలాంటిది.

ఆయన ఇల్లు కంకర మిల్లుకు పోయే సందులో. లారీ వెళ్తే కాసేపు ఎదురింటి తలుపు కనిపించదు. కూతురి కూతురు, నాలుగేళ్ల బుడ్డది, ఆ సందులోనే ఆడుకునేది. కాస్త పరిగెత్తితే చాలు, దగ్గు. ఛాతీలో ఈలలు. దాని తల్లి చేతిసంచిలో తాళాల గుత్తి పక్కనే పీల్చే మందు ఉండేది.

"ఈ దుమ్ములో పిల్ల బతకదు నాన్నా. వేరే ఇల్లు చూద్దాం."

"ఏం దుమ్మే? బోర్డు పచ్చగా ఉంది. పొద్దున నా కళ్లతో చూశా."

"పీల్చేది బోర్డా, నా కూతురా?"

"అడిగినప్పుడల్లా ఐసు కొనిపెట్టి, ఊరి గాలిని ఆడిపోసుకుంటావేం!"

ఒక మధ్యాహ్నం బుడ్డదాని పెదాలు నీలంగా మారాయి. తాతే ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. మందు ఎక్కించి, ఊపిరి నిలకడయ్యాక డాక్టరమ్మ చెప్పింది. "పిల్లల ఊపిరితిత్తులు ఇంకా పెరుగుతూ ఉంటాయి. మనకన్నా వేగంగా పీలుస్తారు, నేలకు దగ్గరగా ఉంటారు. మందు నేనిస్తాను. గాలి మాత్రం మీరే చూసుకోవాలి. బాగున్న చోటికి తీసుకెళ్లండి."

"అలాంటి చోటు నాకు తెలుసమ్మా!" అన్నాడు వానదేవుడు, సొంత తోట ఉన్నవాడిలా.

పిల్ల కోలుకోగానే కార్యాలయం ఆవరణకు తెచ్చి బోర్డు కింద కూర్చోబెట్టాడు. గొట్టం పట్టి చుట్టూ తడిపాడు. ఆ పూట ఈలల్లేవు. తాత మీసం మెలేస్తుండగా బుడ్డది అడిగింది.

"తాతా, ఈ పెట్టెకి కూడా దగ్గొస్తుందా?"

"పెట్టెకి దగ్గేంటే, పిచ్చి మొహమా!"

"మరి దీనికెందుకు నీళ్లు కొడుతున్నావు? మన సందులో ఎందుకు కొట్టవు?"

వానదేవుడి చేతిలో గొట్టం కారుతూనే ఉంది, బూట్లు నిండేదాకా.

మర్నాడు ట్యాంకర్ కంకర మిల్లు సందులో కురిసింది. కార్యాలయం దగ్గర బోర్డు ఎర్రబడింది. సూపర్‌వైజర్ నెత్తి కొట్టుకున్నాడు.

"ఊరి గాలంతా పాడు చేశావు కదయ్యా!"

"నేనేం చేశాను సార్? మా సందులో నీళ్లు కొట్టానంతే."

"అదే మరి! ఒక్క పూటలో ఎంత పాడైందో చూడు!" అని ట్యాంకర్ తాళాలు లాక్కున్నాడు.

మరుసటి ఉదయం ఇంకో డ్రైవరు తడిపాడు. బోర్డు మళ్లీ పచ్చబడింది. వానదేవుడు మనవరాల్ని చంకనేసుకుని వచ్చాడు. వెనకే కూతురు, ఆ వెనక సందులోని తల్లులందరూ, పిల్లలూ, బొమ్మలూ, మందు సంచులూ. అందరూ బోర్డు కింద చతికిలబడ్డారు.

"ఏంటయ్యా ఇది, బడి పెట్టావా?"

"గాలి బాగున్న చోటికి పొమ్మని డాక్టరమ్మ చెప్పింది సార్. ఊళ్లో అలాంటిది మీ దగ్గరే ఉంది."

"ఇవాళ పైవాళ్లు చూడ్డానికొస్తున్నారయ్యా బాబూ!"

"రానీండి. బోర్డు చూపిద్దాం, పచ్చగానే ఉందిగా."

అంతలో ఒక పిల్లవాడు దగ్గాడు. వాణ్ని చూసి ఇంకొకడు. తర్వాత ఎవరూ ఎవరికోసమూ ఆగలేదు. గేటు బయట కారు హారన్ మోగింది. సూపర్‌వైజర్ తాళాలు వానదేవుడి చేతిలో కుక్కాడు.

"వెనక గేటు నుంచి వీళ్లని తీసుకుపో తండ్రీ! మీ సందులోనే రోజూ నీళ్లు కొట్టుకో. వీళ్లు మాత్రం మళ్లీ ఇటు రాకూడదు!"

ఇప్పుడు ట్యాంకర్ ముందు ఆ సందుకే వెళ్తుంది. మధ్యాహ్నానికి తడి ఆరిపోతుంది, లారీలు ఆగవు, తల్లులు పిల్లల్ని లోపలికి పిలిచి కిటికీలు వేస్తారు. ఈలలు తగ్గాయి, పోలేదు. కూతురు ఇల్లు వెతుకుతోంది. వానదేవుడు కూడా వెంట తిరుగుతున్నాడు. బోర్డు ఏ రంగులో ఉందో ఆయన్ని అడిగితే తెలియదంటాడు. పొద్దున లేస్తూనే బుడ్డదాని వీపుకు చెవి ఆనించి వింటాడు.