పగలకుండా వచ్చిన పలక

అక్టోబరు పదకొండు. హిమాచల్‌లోని కేలాంగ్ ఊరి బయట పొద్దున్నే గుడారం జిప్పు తీసి చూస్తే, సైకిల్ సీటు మీద బెత్తెడు మంచు. పైన కనుమల్లో చూసిన మంచు చప్పుడు లేకుండా నా దగ్గరికే దిగివచ్చింది. దానికి సరిపోయే మాట ఒకటి వెతుక్కుంటూ ఉండగానే నాయన ఫోను చేశాడు.

“తాత పోయినాడు రా. తెల్లారుజామున. రేపు మట్టి చేస్తారు. నువ్వు అందుకోలేవులే, నిదానంగా రా.”

తాత అంటే మా పక్కింటి తాత. చుట్టరికం ఏమీ లేదు. మార్కాపురంలో పలకల పనిలోనే ముసలివాడయ్యాడు. రాతిని పొరలుగా చీల్చడం, అంచులు కోయడం, చెక్క చట్రం బిగించడం అన్నీ ఆయన చేతికి వచ్చు. పలకను చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో కొట్టి, కంటికి కనపడని బీట ఉందో లేదో చెప్పేవాడు. ఆ అలవాటు పలకలతో ఆగలేదు. టెంకాయ, కొత్త బిందె, ఆదివారం చర్చికి వెళ్తూ మా గేటు, పరీక్షల ముందు నా తల కూడా కొట్టి చూసేవాడు. “ఖంగుమంటా ఉంది. పాసయితావు పో,” అనేవాడు.

వయసులో ఉన్నప్పుడు పలకల పెట్టెను సైకిల్‌కి కట్టుకుని వెలిగండ్ల, పుల్లలచెరువు పల్లెలన్నీ తిరిగి అమ్మినవాడు. అందుకేనేమో, చలికి దారులు మూసేయకముందే హిమాచల్‌లో మూడు కనుమలు సైకిల్ మీద ఒక్కణ్ణే ఎక్కి వస్తానని నేనంటే, ఇంట్లో అందరూ వద్దన్నా ఆయన మాత్రం వచ్చి సామాను చూశాడు.

“ఏందిరా ఇది, ఇల్లు మొత్తం కడతా ఉండావు. మీ అవ్వను కూడా కట్టు, వండి పెడతది.”

“నన్నెందుకు, నిన్నే కట్టమను. దోవ పొడుగునా మాట్లాడతావు,” అంది గడప మీద కూర్చున్న అవ్వ. ఆమె తాత భార్య.

నేను సర్దిన సంచులన్నీ విప్పించాడు. పలకలను ఎప్పుడూ పడుకోబెట్టి కట్టరు. అంచు మీద నిలబెట్టి మధ్యలో వరిగడ్డి కూరుతారు. పడుకోబెడితే మొదటి గుంతకే అడుగుది పగులుతుంది. నా స్టవ్వు, గిన్నె, పానాలు కూడా అట్లాగే నిలబెట్టి, మధ్యలో బట్టలు కూరాడు. చివర్లో ఒక పలక, బలపం తెచ్చి, పలకను గడ్డితో చుట్టి స్వెట్టర్ల మధ్య నిలబెట్టాడు.

“నేను గిద్దలూరు దాకా తొక్కినాను గానీ, ఆ అవతల నల్లమల కనుమ ఎక్కలేదు. ఎప్పుడు పోయినా పలకలు కిందనే అయిపోయేవి. ఒట్టి సైకిల్‌తో ఎక్కి ఏం చేస్తాలే అని తిరుక్కొని వచ్చినా. పైన నిలబడితే ఏం కనపడతదో ఇప్పటికీ తెలవదు. నువ్వు చూసింది చూసినట్టు దీని మీద రాసుకొని రా. ఫోన్లో బొమ్మలు నాకు ఆనవు.”

మొదటి కనుమ మీద రాశాను: “గాలి. రాగి రంగు గడ్డి. నా ఊపిరి నాకే వినపడుతోంది.” చదువుకుంటే పేలవంగా అనిపించింది. ఈ మధ్యే పుస్తకాల పిచ్చి పట్టినవాణ్ణి, తాతకు ఇంతకంటే గొప్ప మాటలు తీసుకెళ్లాలనుకున్నాను. రెండో కనుమ మీద అది తుడిచి కొత్తగా రాశాను. అదీ నచ్చక తుడిచాను. పలకల ఊరివాణ్ణి కదా, చెరపడం నాకు తప్పనిపించదు. ఒక్క తుడుపుతో పలక మళ్లీ కొత్తదవుతుంది.

అది దిగి కేలాంగ్ చేరి ఇంటికి ఫోను చేశాను. తాతకు ఆయాసం ఎక్కువైందని నాయన చెప్పి, ఫోను ఆయనకిచ్చాడు.

“రాసినావా?”

“రాసి చెరిపినా తాతా. బాగా రాలేదు.”

“పలకలు చేసేవాడికి ఒట్టి పలక తెస్తావా ఏంది? సరే, ఏం రాసినావో నోటితో చెప్పు.”

“ఇంకొక కనుమ ఉంది. అన్నిటికంటే ఎత్తు. అక్కడ మంచిగా రాసి తెస్తా. వచ్చినాక చదువుకుందువులే.”

ఆయన ఆయాసపడుతూనే, “అట్లనే కానీ. నిలబెట్టి తీసుకరా,” అన్నాడు.

గాలి, గడ్డి, ఊపిరి. ఆ మాటలు చెప్పడానికి అర నిమిషం పట్టేది. చెప్పలేదు. వెనక్కి బయల్దేరనూ లేదు. నాలుగు రోజులు పెట్టి మూడో కనుమ ఎక్కి దిగాను. పైన వేళ్లు కొంకర్లు పోయి బలపం పట్టు దొరకలేదు. మళ్లీ కేలాంగ్ చేరిన సాయంత్రం ఫోనుకు సిగ్నల్ ఉంది. పొద్దున వాక్యం కుదిరాక చేద్దామని పక్కన పెట్టి పడుకున్నాను. ఆ పొద్దునే నాయన ఫోను వచ్చింది.

నేను ఊరు చేరేసరికి సమాధి మీద మట్టి ఆరిపోయింది. అవ్వ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

“రోజూ అడిగినాడురా, వాడు ఎక్కినాడా, దిగినాడా అని. ఇంకా ఎక్కతా ఉండాడు అని చెప్పినా. నిదానంగా ఎక్కనీలే అన్నాడు.”

గడ్డి విప్పి పలక ఆమె చేతికిచ్చాను. ఒక్క బీట లేదు. ఒక్క అక్షరమూ లేదు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, తాత లాగే చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో కొట్టింది. ఖంగుమంది.

“బాగనే ఉంది గదా. మల్ల రాయి. నాకు చదువు రాదు, నువ్వే చదివి చెబుదువు,” అని నా చేతిలో పెట్టింది.

ఇది మీకు రాస్తున్న ఈ సాయంత్రం సైకిల్ మా వసారాలో ఉంది. సంచిలో పలక ఒక్కటే, అదే గడ్డిలో, అంచు మీద నిలబడి ఉంది. రేపు తెల్లవారకముందే గిద్దలూరు వైపు బయల్దేరి, తాత సైకిల్ తిప్పుకున్న చోటి నుంచి పైకి తొక్కుతాను. కనుమ మీద ఏది కనపడితే అది, మొదట వచ్చిన మాటల్లోనే రాసి, చెరపకుండా అవ్వకు తెస్తాను.