అక్క చెయ్యి పడితేనే లేచే కారు

చేతిలో టెస్ట్ ల్యాంపు ఉంటే లోకంలో దొరకని ఫాల్టే లేదనుకునే వయసొకటి ఉంటుంది. ఆ రోజుల్లో నేను కోరుట్లలో ఓ కార్ల ఎలక్ట్రీషియన్ దగ్గర పని నేర్చుకుంటున్నాను. (నేర్చుకుంటున్నానన్నది మా ఉస్తాద్ అభిప్రాయం. నాకు మాత్రం అంతా వచ్చేసిందనీ, ఆ సంగతి ఒప్పుకోవడానికి ఆయనకే మొహమాటమనీ గట్టి నమ్మకం.) ఒక పొద్దున ఆయన పెళ్లికని జగిత్యాల పోతూ, "దుబాయి అన్న ఇంట్ల కారును ఎవడో దొంగ కెలికిండట. పోయి చూడు. తెల్వకుంటే ముట్టకు, నేనచ్చినంక చూద్దాం" అన్నాడు. ఆ రెండో ముక్క నేను చెవిన పెట్టలేదు.

దుబాయి అన్న అప్పుడు సెలవు మీద వచ్చి ఉన్నాడు. ఆయన లేనన్నాళ్లూ ఆ సెకండ్ హ్యాండ్ కారు నడిపేది ఆయన భార్యే. సిరిసిల్ల నుంచి చీరలు తెచ్చి ఇంట్లో అమ్మేది. ఆమెను మేం అక్కా అని పిలిచేవాళ్లం. అక్క చెయ్యి పడితేనే ఆ కారు లేస్తుందని వాడకట్టంతా చెప్పుకునేవారు. మరిది పెళ్లిచూపులకు అడిగినా, ఆడబిడ్డ మొగుడు ఎల్లంతకుంట పోవాలని అడిగినా అక్క నవ్వుతూ తాళం ఇచ్చేది. వాళ్లు ఎంత తిప్పినా స్టార్ట్ అయ్యేది కాదు, చివరికి బస్సెక్కేవాళ్లు. దొంగకూ అదే గతి పట్టింది. స్టీరింగు కింది మూత పగలగొట్టి, వైర్లు పీకి ముడులేసి, ఎంతకూ లేవకపోతే వదిలేసి పోయాడు. "గా దొంగోడు గూడ మన చుట్టమేనేమో" అంది అక్క అత్త.

అందరూ నవ్వారు గానీ దుబాయి అన్న నవ్వలేదు. "దొంగకే పనికిరాని బండి నాకెందుకు? ఎల్లుండి పోతున్న. గీలోపల మంచిగైతే సరే, లేకుంటే అమ్మి పారేస్త" అన్నాడు. అక్క గడప దగ్గరే నిలబడిపోయింది. కారు పోతే సిరిసిల్ల ప్రయాణం ఉండదు, చీరలుండవు, తనకంటూ ఉన్న పని ఉండదు. ఆ భయం ఆమె మొహంలో కనిపిస్తూనే ఉంది.

నేను స్టీరింగు కింద దూరి, తెగిన వైర్లన్నీ కలిపి తాళం తిప్పాను. వైపర్లు ఊగడం మొదలుపెట్టాయి. హారన్ మోగడం మొదలై ఇక ఆగలేదు. వాడకట్టంతా వచ్చింది. "లగ్గమా ఏంది?" అని గోడ మీంచి ఒకాయన అడిగితే, "ఇంజన్ తప్ప అన్ని లేచినయి" అని మరిది జవాబిచ్చాడు. హారన్ వైరు విడదీసి, సిగ్గుతో చెమటతో అన్నీ మళ్లీ కలిపాను. ఈసారి సెల్ఫు మోటారు తిరిగింది కానీ ఇంజన్ అందుకోలేదు. చూస్తే పెట్రోలు పంపుకు కరెంటు రావడం లేదు. ఫ్యూజు బాగానే ఉంది. కరెంటు ఎక్కడిదాకా వస్తుందో టెస్ట్ ల్యాంపు పెట్టి చూసుకుంటూ వైరు వెంటే పోయి డ్రైవరు సీటు కింద మ్యాటు లేపాను. అక్కడ కంపెనీది కాని వైరొకటి, దాని చివర చిన్న స్విచ్చు ఉన్నాయి. ఆ స్విచ్చు ఆపేసి ఉంది.

దొరికిందని అరవబోతూ తలెత్తాను. కారద్దం అవతల అక్క నిలబడి ఉంది. మొహం పాలిపోయింది. వద్దన్నట్టు తల కొంచెం ఊపింది, అంతే. నాకంతా అర్థమైంది. చుట్టాలకు కారు ఇవ్వనంటే "మొగని పైసలతోని కొన్న బండి, నీదా?" అంటారు. అందుకని అక్క ఈ స్విచ్చు ఆపి తాళం చేతికిచ్చి, ఇవ్వనన్న మాట కారు చేత చెప్పించేది. జీవితంలో మొదటిసారి సొంతంగా పట్టిన ఫాల్టు, ఎదురుగా అంతమంది జనం, చెప్పుకునే యోగం మాత్రం లేదు. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

స్విచ్చు వేసి, మ్యాటు కప్పి, "దొంగోడు గుంజితే లోపలి వైరు తెగిందన్నా, కలిపిన. అక్కా, నువ్వే కూసో" అన్నాను. అక్క తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది.

"చూసిండ్లా? మా కోడలు చేతిల ఉన్నది మహిమ!" అంది అత్త.

"అయితే ఇగ బండి అమ్ముడు లేదు, తియ్యి" అన్నాడు దుబాయి అన్న.

పొద్దుటి నుంచి నడుం విరిగేలా పనిచేసిన నా మహిమ గురించి ఎవరూ ఎత్తలేదు. అక్క మాత్రం టీ తెచ్చిచ్చి, నేను తాగేదాకా అక్కడే నిలబడింది.

ఇప్పుడు నాకు సొంత షాపుంది. ఈమధ్య అక్క అదే కారు నడుపుకుంటూ వచ్చింది. జుట్టు నెరిసింది.

"తమ్మీ, ఆ స్విచ్చు తీసెయ్యి" అంది.

"ఎందుకక్కా? దొంగలొస్తే పనికొస్తది గదా."

"దొంగలకు ఇంకేమన్న పెట్టు. చుట్టాలకైతే ఇగ అక్కర్లేదు. ఇయ్యనని నోటితోనే చెప్తున్న."

మ్యాటు లేపి స్విచ్చు ఊడదీస్తుంటే నాకు నవ్వొచ్చింది. ఒక్క పూట ఒక్క మాట కడుపులో దాచుకోవడానికే ఏడుపు మొహం పెట్టిన ఆ కుర్రవాడు గుర్తొచ్చాడు. అక్క తన మాటను ఎన్నేళ్లు దాచుకుందో వాడికేం తెలుసు పాపం.