గంప కింది పువ్వు

మొండయ్య పుట్టుకతోనే గడి మనిషి. సుల్తానాబాద్ దగ్గరి ఆ ఊళ్లో మొదటి మామిడికాయ, మొదటి బీరకాయ, మొదటి ముంత కల్లు, అన్నీ దొర ఉండే కోటలాంటి గడికి చేరాకే జనం నోటికి. కూలీ లేని వెట్టికి తోటమాలి అని పేరు పెడితే, ఆ పేరు చూసుకునే మురిసిపోయాడు వెర్రిబాగులవాడు.

పోలీస్ యాక్షన్ అయ్యాక దొర పట్నం పారిపోయి అక్కడే పోయాడు. దొరసాని అనసూర్య కొన్నాళ్లకు సుల్తానాబాద్‌లో మేడ కట్టుకుంది. గడి గోడలు కూలాయి, తలుపులు ఎవరో ఎత్తుకుపోయారు. అయినా మొండయ్య తోటను వదల్లేదు. అందులోనూ ఆ ముసలి జెముడు చెట్టును అసలే వదల్లేదు. వెనుకటికి దొరసాని చెప్పిన మాట అతనికి శాసనం: "గది ఎన్నేండ్లకో ఒక్క రాత్రి పూస్తదట. తెల్లారితే వాడిపోతదట. మొదలు నేనే సూడాలె. ఎక్కడున్నా కబురు చెయ్యి."

దానికి ఎండాకాలమంతా కడవలతో నీళ్లు మోసింది మాత్రం అతని పెళ్లాం ఐలవ్వ. ముండ్ల చెట్టుకు నీళ్లేందని ఊరంతా నవ్వినా మానలేదు. ఆ ఏడు ఆమెకు దగ్గు పట్టుకుంది. కరీంనగర్ దవాఖానలో డాక్టరు పెదవి విరిచాడు. సరిగ్గా అప్పుడే జెముడు కింది కొమ్మకు మొగ్గ తొడిగింది. ఐలవ్వ ప్రాణమంతా దాని మీదే పెట్టుకుంది.

ఒక సాయంత్రం మొగ్గ ఉబ్బి, ఇక విచ్చుకునేలా కనబడింది. మొండయ్య దాని మీద గంప బోర్లించాడు.

"ఒక్కపారి సూసి కన్ను మూస్తనయ్యా," అంది ఐలవ్వ.

"దొరసాని సూడకముందే మనం సూస్తమానే? కండ్లు పోతయ్! నేను ఉరుక్కుంట పోయి దొరసానిని తీసుకొస్త. ఎవల కన్ను పడకుండ నువ్వు కావలుండు."

పరుగులాంటి నడకతో పోయాడు. మేడ దగ్గర జీతగాడు లోపలికి పోనియ్యలేదు. "అమ్మ పండుకున్నది. పొద్దుగాల చెప్తలే," అన్నాడు. మొండయ్య గేటు దగ్గరే చతికిలబడ్డాడు. లేపమని గట్టిగా అడిగే నోరు అతనికి ఏనాడూ లేదు, ఏం చేస్తాడు?

ఎండెక్కాక దొరసాని బయటికొచ్చింది.

"నీ బాంచెన్, జెముడు పూసిందమ్మా!"

"ఏం జెముడు?" అంది. కాసేపటికి గుర్తొచ్చి నవ్వింది. "ఓ, గదా! ఇంకా ఉన్నదా? గింత దానికి గింత దూరమొస్తివా పిచ్చోడా! మీరే సూసుకుంటే అయిపోతుండె గదరా."

మొండయ్య వెనుదిరిగాడు. ఈ మాట ఇన్నేళ్లలో తనకెందుకు తోచలేదు? దారి పొడుగునా తన్ను తాను తిట్టుకుంటూ వచ్చాడు.

ఐలవ్వ గొంగడి కప్పుకొని, చేతిలో కట్టెతో గంప పక్కనే కూర్చుని ఉంది.

"సూసినవానే?" అని ఆత్రంగా అడిగాడు. ఈ ఒక్కసారైనా తన మాట మీరి ఉంటే బాగుండునని అతని ఆశ.

"నువ్వద్దంటివి గద. వాసనైతే మస్తుగొచ్చిందయ్యా. దొరసాని ఏది?"

"నిన్నే సూడుమన్నది."

ఐలవ్వ ముఖం వెలిగింది. కొంగు సవరించుకుని రెండు చేతులతో గంప ఎత్తింది. పువ్వు తడిసిన గుడ్డపేలికలా నేలకు వేలాడుతోంది. ఆమె దాన్ని చాలాసేపు చూసింది.

"రాత్రి ఏం రంగుండెనో?" అంది.

మొండయ్యకూ తెలియదు.