తాలుకాయ అంటే ఏమిటో

మా సెక్షన్‌లో మేం ముగ్గురమే. భద్రాచలం అడవి అంచున, పోలీసు స్టేషన్ వెనక ఒక రేకుల గది. అడవిలోని దళాలు వైర్‌లెస్ సెట్లలో మాట్లాడుకునే మాటలు విని, రాసుకుని, వాటి అసలు అర్థం పట్టుకోవడం మా పని. పోరు ముమ్మరంగా సాగుతున్న రోజులవి. ఏం ఉద్యోగమని ఎవరైనా అడిగితే టైపింగ్ అని చెప్పేదాన్ని. మా అమ్మ కూడా చాలాకాలం అదే నమ్మింది.

మా సార్‌ది ఖమ్మం. వాళ్ల నాన్న గడియారాలు బాగుచేసేవారట. ఆ ఓపికంతా సార్‌కు వచ్చింది. గరగరల మధ్య పోయిన ఒక్క మాట కోసం టేపును ఇరవైసార్లు వెనక్కి తిప్పేవారు. రెండో మనిషి హోంగార్డు అక్క, కోయ ఆమె. దళంవాళ్లు తెలుగు వదిలి కోయలోకి మారగానే నా చెవుల మీది హెడ్‌ఫోన్ లాక్కునేది. నేను డిగ్రీలో లెక్కలు చదివానని అక్కడ వేశారు. నిజానికి అక్కడ పనికొచ్చింది లెక్కలు కాదు, కుసుమంచి దగ్గర మా ఇంటి మిర్చి చేను.

ఎందుకంటే వాళ్లు మిర్చి బేరంలా మాట్లాడుకునేవాళ్లు. పొద్దున మన బలగం ఏదైనా దారిన వెళితే, మధ్యాహ్నం సెట్లో 'లారీలు వచ్చినయ్' అని వినబడేది. అలా లారీ అంటే పోలీసులని తేలింది. బస్తా అంటే మనిషి అనీ, కళ్లం అంటే మకాం అనీ నెలల తరబడి ఒక్కొక్కటే పట్టుకున్నాం. 'తాలు' మాత్రం చిక్కలేదు.

ఒక వానాకాలం పొద్దున వినబడింది: "తాలు నాలుగు బస్తాలయింది. ఎండల పోసినా తడి ఆరుతలేదు."

తూటాలు తడిసి ఉంటాయని సార్ రాయబోయారు. నాకు మా కళ్లంలో కాయలు ఏరే ఆడవాళ్లు గుర్తొచ్చారు.

"సార్, తాలంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ. బస్తా అంటే మనిషి గదా. పాలిపోయిన మనుషుల గురించి చెప్తుండ్రు. తడి ఆరకపోవుడు అంటే జ్వరం చెమట."

అక్క మెల్లగా చెప్పింది. "నిన్న సెట్ల ఎనకనుంచి ఒక ముసలామె కోయల ఏడుస్తుండె, మనవరాలు కండ్లు తెరుస్తలేదని. సంకేతం కాదు గదా అని నేను రాయలే."

అంటే దళంవాళ్లు ఏదో గూడెంలో ఉన్నారు. ఆ గూడెమంతా జ్వరాలే. ముసలామె మాటల్లో వచ్చిన వాగు పేరును బట్టి అది ఏ గూడెమో అక్కకు తెలుసు. రాసి పంపితే మంచం పట్టినవాళ్ల మీదికి బలగం వెళ్తుంది. రాయకపోతే ఉద్యోగధర్మం తప్పినట్టు. సార్ కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. చివరికి ఉన్నదున్నట్టు రాసి, తానే పట్టుకుని పెద్దాఫీసరు దగ్గరికి వెళ్లారు.

మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చారు. ఆ జ్వరం మన జవాన్లకూ అంటుకుంటుందని వాదించారట. "ముందు మందులు పోతయ్. మనోళ్లు ఈ వారం అటు పోరు," అని చెప్పి, కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు.

నర్సులు గోళీలు, దోమతెరలు తీసుకుని వెళ్లారు. ఆ పిల్లను జీపులో భద్రాచలం దవాఖానాకు తెచ్చారు. అక్క వెళ్లి చూసొచ్చింది. పిల్ల లేచి గంజి తాగుతోందని చెప్పింది. తర్వాతి వారం సెట్లో తాలు మూడు బస్తాలు బాగుపడ్డాయని విన్నాం. నాలుగో బస్తా మాట మళ్లీ ఎప్పుడూ రాలేదు. ఆ మనిషి ఎవరో, ఆడో మగో, మాకు తెలియదు. ఆ రోజు ముగ్గురం అన్నం డబ్బాలు విప్పామే గాని ఎవరికీ సహించలేదు.

తర్వాత సెట్లు ఒక్కొక్కటే మూగబోయాయి. సెక్షన్ ఎత్తేశారు. నేను ఖమ్మంలో ఆఫీసు పనికి మారాను. సార్ రిటైరయ్యారు, రంజాన్‌కు తప్పకుండా ఫోన్ చేసి వాళ్లింటికి పిలుస్తారు. పోయిన నెల భద్రాచలం బస్టాండులో అక్క కనబడితే రెండు బస్సులు వదిలేసి మాట్లాడుకున్నాం.

"గిప్పటికి గూడ ఎవరన్న మెల్లగ మాట్లాడితే నా చెవి అటే పోతది చెల్లె," అంది.

నాకూ అంతేనని చెప్పాను.