సేవ్ చెయ్యని రాత్రి

ఇది నిజంగా జరిగింది. ఒట్టు వేయమంటే వేస్తాను గానీ, నా ఒట్లకు మా ఇంట్లోనే పెద్ద గిరాకీ ఉండేది కాదు. అందుకని ఒట్టు లేకుండానే చెప్తాను. నవ్వొచ్చిన చోట నవ్వండి, నేనేమీ అనుకోను. నేనూ చాలాచోట్ల నవ్వుతూనే చెప్తాను. ఒక్కచోట మాత్రం... సరే, అక్కడికి వచ్చాక చూద్దాం.

మా ఇల్లు ఆకివీడు శివార్లలో. నేను చేపల మేత అమ్మే కంపెనీలో పని చేస్తాను. డిగ్రీ చదివింది చరిత్ర. పగలంతా చెరువు గట్ల మీద తిరుగుతూ చేపల ఆకలి గురించి రైతులకు ఉపన్యాసాలిస్తాను. ఇంటి వెనక కూడా చెరువులే. రాత్రంతా ఏరేటర్లు తిరుగుతాయి. నీళ్ళలోకి గాలి ఎక్కించే మోటార్లవి. కొత్తగా వచ్చిన చుట్టాలకు ఆ చప్పుడుకి నిద్ర పట్టదు. మాకు అది ఆగితే మెలకువ వస్తుంది.

నా భార్య భార్గవి స్కూల్లో లెక్కలు చెప్పేది. "చెప్పేది" అనడం నాకింకా పూర్తిగా అలవాటు కాలేదు.

ఆవిడకు కంప్యూటర్ ఆటల పిచ్చి. అందులోనూ రోల్ ప్లేయింగ్ గేములు. తెలియనివాళ్ళ కోసం చెప్తాను. ఆటలో మనకొక మనిషి ఉంటాడు. వాడి రూపంలో మనం ఊళ్ళు తిరుగుతాం. దారిలో కనబడ్డవాళ్ళంతా ఏదో ఒక పని చెప్తారు. ఆ పనుల్ని క్వెస్టులంటారు. పెద్ద క్వెస్టు ఒకటుంటుంది, రాజ్యాన్ని కాపాడ్డం లాంటిది. మిగతావన్నీ చిల్లర పనులు. మా ఆవిడ ఆడిన ఆట పేరు చెప్పను. చెప్తే అది ఆడినవాళ్ళు మధ్యలో లేచి నన్ను సరిదిద్దుతారు.

ఆటలో ఆవిడ మనిషి బాణాలు వేసే అమ్మాయి. పేరు "భార్గవి టీచర్" అని పెట్టుకుంది. ఇనప కవచాలు తొడుక్కున్న తెల్లదొరలందరూ ఆ పేరు ముందు నిలబడి మాట్లాడుతుంటే చూడ్డానికి బావుండేది. ఆవిడ మౌస్ పట్టుకునేది, నేను పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఒలిచేవాణ్ణి. మా సంసారంలో పని విభజన ఎప్పుడూ అంతే.

రాజ్యం మాత్రం ఎప్పటికీ బాగుపడేది కాదు. కారణం, భార్గవి ఎవరికీ కాదని చెప్పలేకపోయేది.

"తప్పిపోయిన పంది కోసం కొండెక్కాలా ఇప్పుడు?" అన్నానొకసారి.

"నోరు తెరిచి అడిగాడండీ పాపం. మొహం మీద కుదరదంటే ఏం బావుంటుంది?"

"అతను మనిషి కాదే, బొమ్మ."

"మీరు మనిషే కదా. పొద్దున ఉప్పు ప్యాకెట్టు అడిగాను. తెచ్చారా?"

నేను శనక్కాయల మీద దృష్టి పెట్టాను.

ఇంకో పద్ధతి ఉండేది ఆవిడకి. ఆ ఆటలో ఎవరింట్లోకైనా చొరబడొచ్చు, ఎవరూ ఏమీ అనరు. అందరూ తలుపులు తోసుకుని వెళ్ళి, దొరికింది పట్టుకుని, తలుపు అలా వదిలేసి పోతారు. తీసిన తలుపు తీసినట్టే ఉంటుంది. భార్గవి మాత్రం బయటికొచ్చాక వెనక్కి తిరిగి తలుపు వేసేది. ప్రతి ఇంటికీ. ఆటలో దానికి మార్కులేమీ లేవు. ఇంట్లో కూడా అంతే. నేను వెళ్ళిన దారంతా తలుపులు తెరిచి ఉంటాయి. వెనక ఆవిడ వేసుకుంటూ వచ్చేది.

"మీరు పుట్టింది బస్టాండులోనా అండీ?" అనేది.

కొన్నాళ్ళకు ఆ ఆటకు ఎక్స్‌పాన్షన్ వచ్చింది. అంటే పాత ఆటకే కొత్త ప్రాంతం, కొత్త క్వెస్టులు తగిలిస్తారు. ఆ కొత్త ప్రాంతంలో పెద్ద సరస్సు ఉందిట, పడవెక్కి తిరగొచ్చుట.

"ఇంటెనకాల కొల్లేరు పెట్టుకుని కంప్యూటర్లో చూడ్డమేంటే?" అన్నాను.

"కొల్లేట్లో పడవెక్కిస్తానని పెళ్ళైన దగ్గర్నుంచీ చెప్తున్నారు. ఇదైతే మిమ్మల్ని అడగక్కర్లేదు కదండీ."

కొని తెచ్చాను. మా కంప్యూటర్ ఒప్పుకోలేదు. మెమరీ చాలదంది, గ్రాఫిక్స్ కార్డు చాలదంది, విండోస్ మరీ పాతదంది. లోపాలన్నీ ఒకేసారి చెప్పేసింది, మా మావగారిలా. దసరా అయ్యాక కొత్త కంప్యూటర్ తీసుకుందామన్నాను. ఆవిడ సరేనంది.

దసరా ముందే ఆవిడకు బాగోలేదు. తర్వాత అసలు బాగోలేదు. భీమవరం, ఏలూరు, విజయవాడ... ఊరు పెద్దదవుతున్న కొద్దీ డాక్టర్లు మాట్లాడేది తగ్గిపోయింది. దాని గురించి ఇంతకంటే చెప్పను.

ఏడాది తిరిగాక కొత్త కంప్యూటర్ తీసుకున్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు. ఏలూరులో కంప్యూటర్లు బిగించే నాగరాజు నా చిన్నప్పటి స్నేహితుడు. వాడే వచ్చి బిగించి, భార్గవి ఆట ఉన్న పాత డిస్కునే తీసి ఇందులో పెట్టి, ఎక్స్‌పాన్షన్ కూడా ఎక్కించాడు. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు.

"ఒరేయ్, ఒక్క మాట గుర్తుపెట్టుకో. చెల్లెమ్మ ఆట ఆపిన చోట దాచుకున్న పాత సేవ్ ఇందులో తెరుచుకుంటుంది. కానీ కొత్తదాంట్లో ఒక్కసారి సేవ్ కొట్టావా, పాతది ఉండదు. దాని మీదే రాసేస్తుంది. ముందు ఒక కాపీ తీసి పెన్ డ్రైవ్‌లో పడేసుకో."

"అలాగేరా."

కాపీ తియ్యాలన్న సంగతి నేను మర్చిపోలేదు. పొద్దున చూసుకుందామనుకున్నాను. ఆ రాత్రి ఆగలేకపోయాను, అంతే.

తెర మీద ఆవిడ సేవ్ కనబడింది. భార్గవి టీచర్... పక్కన తేదీ. మేం విజయవాడ బయల్దేరడానికి ముందు రోజు. అప్పటికే ఆవిడకు కూర్చోవడం కష్టంగా ఉంది. అయినా కాసేపు ఆడింది. వంటింట్లో డబ్బాల మీద ఆవిడ రాసిన పేర్లు కూడా తడికి చెరిగిపోయాయి. ఆవిడ చేత్తో చేసి, చేసినట్టే ఉన్నది ఇంట్లో ఇదొక్కటే మిగిలింది.

సేవ్ మాత్రం చెయ్యకూడదు. సరస్సు దాకా తీసుకెళ్ళాలి, చూపించాలి, ఆపెయ్యాలి. అంతే అనుకున్నాను. ఎవరికి చూపిస్తున్నానో అడక్కండి.

పాత సేవ్, కొత్త వెర్షన్ అని ఆట ఒక హెచ్చరిక ఇచ్చింది. సరే అన్నాను.

తెరుచుకుంది... ఒక ముసలమ్మ ఇంట్లో నిలబడి ఉంది భార్గవి టీచర్. పొయ్యి మండుతోంది. ముసలమ్మ ఏదో తెచ్చిపెట్టమని అడిగినట్టుంది. తెస్తానని ఈవిడ ఒప్పుకునే ఉంటుంది. నేను తలుపు తీసి బయటికి నడిచాను.

నాలుగడుగులు వేశానో లేదో...

కిర్ర్... టక్.

వెనక్కి తిప్పి చూశాను. తలుపు వేసి ఉంది.

సరే. కొత్త వెర్షన్ కదా, ఏదో మార్చి ఉంటారనుకున్నాను. పక్కింటి తలుపు తీశాను. లోపలికి కూడా వెళ్ళలేదు. తీసి, ముందుకు నడిచాను.

కిర్ర్... టక్.

దగ్గర్లో ఎవరూ లేరు. ఆ వీధంతా చూశాను. ఒక కుక్క ఉంది. కుక్కలు తలుపులు వేసేలా చేసుంటే గనక ఆ కంపెనీకి దణ్ణం పెట్టాల్సిందే.

మూడో తలుపు తీసి, దాన్నే చూస్తూ నిలబడ్డాను. కదల్లేదు. చాలాసేపు చూశాను. వెనక చెరువుల్లో మోటార్లు తిరుగుతున్నాయి. నా గుండె కూడా... అది మాత్రం లెక్క ప్రకారం తిరగడం లేదు. మెల్లిగా చూపు పక్కకు తిప్పాను.

కిర్ర్... టక్.

నాగరాజుకి ఫోన్ చేశాను. నిద్రలో ఎత్తాడు.

"ఒరేయ్, తలుపులు వాటంతటవే మూసుకుంటున్నాయిరా."

"మంచిదే కదరా. దోమలు రావు."

"ఆటలోరా. నేను చూస్తుంటే మూసుకోవట్లేదు. తిరిగితే మూసుకుంటున్నాయి."

"ఎక్స్‌పాన్షన్‌లో పెట్టుంటారు. పొద్దున కనుక్కుంటాను. నువ్వు పడుకో. ఒరేయ్... పడుకో."

నేను పడుకోలేదు. అక్కడ ఇంకో ఇల్లుంది, ఊరి చివరి ఇల్లు. అది దాటితే దారి కిందికి దిగుతుంది. ఆ దిగువన కొత్త సరస్సు. నీళ్ళు కొంచెం కొంచెం మెరుస్తున్నాయి కూడా. ఆ చివరి ఇంటి తలుపు తీశాను. తీసి... ఎందుకన్నానో తెలియదు. ఇంట్లో ఎన్ని వందలసార్లు అన్నానో ఆ మాట. ఆవిడ లేవబోతుంటే అనేవాణ్ణి. అని, వేసేవాణ్ణి కాదు.

"ఉండు, నేను వేస్తాలే" అన్నాను. పైకే అన్నాను.

అని వెనక్కి తిరిగాను.

చప్పుడు లేదు.

ఆగాను... ఇంకా ఆగాను... మోటార్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. తిప్పి చూశాను.

తలుపు తెరిచే ఉంది. బార్లా... నేను తీసింది తీసినట్టే.

మీకెలా చెప్పాలో తెలియడం లేదు. మూసుకున్నప్పుడు భయం వేసింది, నిజమే. కానీ తెరిచి ఉన్న ఆ తలుపును చూసినప్పుడు మాత్రం ఒళ్ళంతా చల్లబడిపోయింది. ఎవరో అక్కడ నిలబడి, వేస్తానన్నారుగా, వెయ్యండి చూద్దాం అన్నట్టుంది.

వేశాను. మెల్లిగా వేశాను.

ఆ మరుక్షణం కరెంటు పోయింది.

చెరువుల్లో మోటార్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. కొల్లేరు పక్కన అంత నిశ్శబ్దం మీరు విని ఉండరు. కంప్యూటర్ యూపీఎస్ బ్యాటరీ మీద నడుస్తోంది. బీప్... బీప్... అది కూడా పాతదే, మార్చలేదు. దాని సంగతి నాకు తెలుసు. ఎక్కువసేపు ఉండదు.

సేవ్ చేసే చోటికి వెళ్ళాను. ఆట అడిగింది. ఇక్కడ సేవ్ చేస్తే పాతది పోతుంది, తిరిగి రాదు, చెయ్యనా అని.

చేస్తే, ఈ రాత్రి ఉంటుంది. ఈ ఊరు, మూసుకున్న ఈ తలుపులు, ఇందాక ఇక్కడున్నదెవరో... అదీ ఉంటుంది. కానీ ఆవిడ కూర్చోలేక కూర్చుని చేసుకున్నది పోతుంది. ఆ తేదీ పోయి, నా తేదీ పడుతుంది. చెయ్యకపోతే...

బీప్... బీప్... దగ్గర దగ్గరగా.

"ఏం చెయ్యమంటావే?" అన్నాను.

జవాబు ఉంటే బావుండేది. ఎలాంటిదైనా సరే.

వద్దు అని నొక్కాను. తెర ఆరిపోయింది.

చీకట్లో కూర్చున్నాను. ఇంట్లో నేను తెరిచి వదిలేసిన తలుపులు చాలా ఉన్నాయి. ఏదో ఒకటి కిర్రుమంటుందని చెవులు రిక్కించి విన్నాను. ఒక్కటీ కదల్లేదు. ఎవరో చెరువు దగ్గర జనరేటర్ వేసేదాకా అలాగే ఉన్నాను. అంత భయం నాకెప్పుడూ వెయ్యలేదు. ఏదో వినిపిస్తుందని కాదు.

మర్నాడు ముందు కాపీ తీశాను. తర్వాత తెరిచాను. ముసలమ్మ ఇల్లు, పొయ్యి, అన్నీ అలాగే. తలుపు తీసి నడిచాను. చప్పుడు లేదు. పక్కిల్లు. లేదు. ఊళ్ళో తలుపులన్నీ తీసి తిరిగాను. అన్నీ బార్లా తెరిచే ఉన్నాయి. ఊరంతా నేను వెళ్ళిన దారిలాగే ఉంది.

సాయంత్రం నాగరాజు వచ్చాడు. ఆ ఆట ఆడేవాళ్ళు ఇంటర్నెట్‌లో రాసుకున్నవి వెతికాడట.

"తలుపులు మూసుకుంటాయని కొందరంటున్నారు. అలాంటిదేం లేదని కొందరు. ఒకడు మాత్రం, పాత సేవ్ కొత్తదాంట్లో మొదటిసారి తెరిచినప్పుడు ఒక్కసారే అలా అవుతుందని రాశాడు."

"నేను సేవ్ చెయ్యలేదు కదరా. ఆ ఫైలుకి నిన్న జరిగినట్టే తెలియదు. ఇవాళ కూడా దానికి మొదటిసారే."

వాడు టీ గ్లాసు అందుకున్నాడు.

"మరి నేను వేస్తాలే అన్నప్పుడు ఎందుకు ఆగింది?" అన్నాను.

నాగరాజు మంచి మెకానిక్. దేనికైనా ఏదో ఒక కారణం చెప్తాడు. ఆ రోజు టీ తాగి, నా భుజం మీద కాసేపు చెయ్యి వేసి, "కాపీ ఉందిగా, ఇప్పుడు సేవ్ కొట్టుకుంటూ ఆ సరస్సు చూసి రారా" అని వెళ్ళిపోయాడు.

సరస్సుకి వెళ్ళలేదు. ఇద్దరం వెళ్దామని.

ఏమిటది అంటే నేను చెప్పలేను. ఆట కంపెనీ తప్పే అయ్యుండొచ్చు. లేకపోతే అయ్యుండకపోవచ్చు. రోజూ కాసేపు ఆ ఆట పెడతాను. ముసలమ్మ ఇంటి తలుపు తీసి, బయటికి నడిచి, వెనక్కి తిరగకుండా నిలబెడతాను. వేస్తానని ఇప్పుడు చెప్పను. మాట్లాడకుండా వింటాను. ఇంకాస్త ఆగితే వినిపిస్తుందేమో అనిపిస్తుంది ప్రతిసారీ... కానీ పొద్దున్నే మండవల్లి వెళ్ళాలి, చేపలకు మేత పంపాలి. ఆపేస్తాను. సేవ్ చెయ్యాలా అని అడుగుతుంది.

వద్దంటాను.